పాత కారుకు హారన్, హెడ్‌లైట్: ఏ కాలం బండికి ఏది పెట్టాలి?

దాదాగారి కాలం నాటి ఫియట్ షెడ్డులో దుమ్ము పట్టి ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు సెలవు మీద వచ్చి "అబ్బా, దీన్ని బాగు చేయిద్దాం" అంటాడు. లేదంటే ఎవరో అమ్ముతున్న పాత మారిస్, బ్యూక్ మీద మనసు పడుతుంది. హుస్నాబాద్ వంటి ఊర్లో ఇట్లాంటి బండి చేతికి వస్తే అందరూ ముందు చూసేది ఇంజిన్. అది సరైనదే. కానీ బండి మొహం చూపించేది హెడ్‌లైట్లు, గొంతు వినిపించేది హారన్. ఈ రెండింటి దగ్గర తొందరపడితే మూడు రకాలుగా దెబ్బ తగులుతుంది. బండి విలువ పడిపోతుంది, వైరింగ్ కాలుతుంది, రాత్రి పూట ఎదుటివాడికి కళ్లు కనబడకుండా పోతాయి. మూడోది అన్నిటికన్నా పెద్దది. వరికోతల రోజుల్లో హుస్నాబాద్ నుంచి కరీంనగర్, సిద్దిపేట, హన్మకొండ దిక్కు పోయే రోడ్ల మీద రాత్రి బండి నడిపినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి ఉంటాయి, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ముందు పోతుంటుంది.

చట్టం ప్రకారం 'వింటేజ్' అంటే ఏమిటి

వింటేజ్ అనగానే మహారాజుల కారే గుర్తుకొస్తుంది. పాత కార్ల ప్రియుల లెక్కలో కూడా అది 1919 నుంచి 1930 దాకా తయారైన బండ్లకు చెప్పే మాట. మన దేశంలో మాత్రం చట్టం వేరే లెక్క పెట్టుకుంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం కొత్త భాగం చేర్చారు. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన కారు గానీ, టూవీలర్ గానీ వింటేజ్ కిందికి వస్తుంది. అంటే రోల్స్ రాయిసే కానక్కర్లేదు. 1960ల నాటి ఫియట్ 1100, అంబాసిడర్ మార్క్ 2 కూడా ఈ లెక్కలో వింటేజే. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత రెన్యువల్‌కు 5,000. గడువు పదేళ్లు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి పెద్ద మార్పులు చేసిన బండికి ఈ గుర్తింపు రాదు. 2023 ఎన్నికల్లో హుస్నాబాద్ నుంచి గెలిచిన పొన్నం ప్రభాకరే రాష్ట్ర రవాణా మంత్రి కావడంతో ఇక్కడివాళ్లు ఇట్లాంటి సంగతులు కొంచెం ఎక్కువ ఆరా తీస్తారేమో గానీ, నిబంధన మాత్రం దేశమంతటికీ ఒకటే.

ఇందులో పెళ్లిళ్లవాళ్లు గమనించాల్సిన షరతు ఒకటుంది. వీఏ నంబరున్న బండిని రోజూ తిప్పడానికి లేదు, కిరాయికి అసలే ఇవ్వరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు, వీటి కోసమే రోడ్డెక్కాలి. కాబట్టి "వింటేజ్ నంబరు తీసుకుని బరాత్‌లకు కిరాయికి తిప్పుదాం" అనుకుని అప్పు చేసి పాత కారు కొన్నవాళ్ల లెక్క తప్పినట్టే. దుల్హాను ఎక్కించుకునే బండికి ఏ రిజిస్ట్రేషన్ ఉందో, ఇన్సూరెన్స్ దేని మీద ఉందో ముందే అడగడం అమ్మాయివాళ్లకూ, అబ్బాయివాళ్లకూ మంచిది.

నిజాం కారు నుంచి మొదలుపెడితే

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినవాళ్లు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ ఇచ్చిన బండి అది. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, అందుకే దాన్ని 'థ్రోన్ కార్' అంటారు. అది వచ్చేదాకా మహబూబ్ అలీ పాషా బతికి లేరు, 1911 ఆగస్టు 29న ఇంతకాలం చేశారు. చాలా ఏళ్లు మూలన పడి ఉన్న బండిని తర్వాత బాగు చేయించి ప్రదర్శనకు పెట్టారు. అక్కడే ఏడో నిజాం కాలపు బ్యూక్ కన్వర్టిబుల్ కూడా ఉంది.

ఈ రెండు బండ్ల మధ్య దూరం 36 ఏళ్లే. కానీ ఆ 36 ఏళ్లలో దీపం, హారన్ రెండూ పూర్తిగా మారిపోయాయి. కాబట్టి లైటు ఎంచుకునేవాళ్లు అందం కంటే ముందు బండి పుట్టిన ఏడాది చూడాలి. 1911 బండికి 1935 లైట్లు పెడితే షేర్వానీ మీద క్రికెట్ టోపీ పెట్టినట్టే ఉంటుంది. ఢిల్లీలో 1964 నుంచి జరుగుతున్న స్టేట్స్‌మన్ ర్యాలీ లాంటి చోట్ల జడ్జీలు ముందు పట్టుకునేది ఇదే.

1912కు ముందు కార్లకు కరెంటు లైట్లు అరుదు. పక్కన చిన్నవి కిరసనాయిల్ దీపాలు, ముందు పెద్దవి కార్బైడ్ దీపాలు. 1912లో అమెరికా కంపెనీ కాడిలాక్ కరెంటు స్టార్టర్, కరెంటు లైట్లు కలిపి అమ్మడంతో రోజులు మారాయి. 1920లలో డ్రమ్ము ఆకారం లైట్లు, 1930లలో బుల్లెట్ ఆకారం, పెద్ద గిన్నె లైట్లు వచ్చాయి. 1940 నుంచి అమెరికా బండ్లకు అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ ఒకే ముద్దగా మూసేసిన 7 అంగుళాల సీల్డ్ బీమ్ వచ్చింది. మన అంబాసిడర్‌కు ఉన్న గుండ్రటి 7 అంగుళాల లైటు ఆ కొలతకే చెందింది, అందుకే దానికి సామాను ఇప్పటికీ ఈజీగా దొరుకుతుంది.

మెరుపు పూత సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. క్రోమ్ పూత కార్ల మీద మామూలైంది 1920ల చివర్లో. అంతకు ముందువి ఇత్తడి, ఆ తర్వాత నికెల్. నికెల్ మెరుపులో కొంచెం పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్ నీలంగా చల్లగా మెరుస్తుంది. 1924 బండి లైట్లకు తళతళలాడే క్రోమ్ వేయించి "కొత్తగా చేయించాం" అని మురిసిపోయేవాళ్లున్నారు. చూసేవాడికి కన్నుంటే అక్కడే బండి ధర తగ్గిస్తాడు.

కార్బైడ్ దీపం

ఎండాకాలం వస్తే మామిడికాయలు కార్బైడ్ పెట్టి మాగబెడుతున్నారని అధికారులు దాడులు చేయడం మనకు తెలిసిన వార్తే. పండ్లకు దాన్ని వాడడం నిషిద్ధం. ఆ కాల్షియం కార్బైడే ఒకప్పుడు కార్లకు వెలుగు. దీపం పక్కన గానీ, కారు ఫుట్‌బోర్డు మీద గానీ రెండు అరల డబ్బా ఉంటుంది. కింది అరలో కార్బైడ్ గడ్డలు, పై అరలో నీళ్లు. చిన్న మర తిప్పితే నీళ్లు చుక్క చుక్కగా కార్బైడ్ మీద పడి ఎసిటిలీన్ గ్యాస్ పుడుతుంది. అది రబ్బరు గొట్టం ద్వారా దీపం లోపలికి పోయి, రెండు సన్నని రంధ్రాల నుంచి వచ్చి చేప తోకలా చదునైన తెల్ల మంటగా వెలుగుతుంది. చుక్కల వేగం పెంచితే మంట పెరుగుతుంది. బండి ఆపాక కూడా గ్యాస్ కొంతసేపు వస్తూనే ఉంటుంది. మిగిలిన సున్నపు ముద్దను రోజూ కడగాలి.

చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, దీన్ని నిజంగా వెలిగించాలనుకునేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఈ గ్యాస్‌కు రాగి గొట్టం వాడకూడదు. రాగితో ఎసిటిలీన్ కలిస్తే పేలే పదార్థం తయారవుతుంది. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే రాగి ట్యూబ్ బాగుందని బిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండు, గాలిలో ఈ గ్యాస్ రెండున్నర శాతం కలిసినా అంటుకుంటుంది కాబట్టి మూసిన షెడ్డులో వెలిగించకూడదు. బరాత్‌లో చుట్టూ పటాకులు, పిల్లలు ఉన్నప్పుడు అయితే ఆలోచనే వద్దు. చాలామంది చేసే పని ఏమిటంటే, దీపం బయటి రూపం అట్లాగే ఉంచి లోపల చిన్న కరెంటు బల్బు పెట్టుకోవడం. ఒక్క రంధ్రం కూడా కొత్తగా కొట్టకుండా, కావాలంటే మళ్లీ తీసేసేలా పెడితే అది తప్పు కాదు.

ఈ దీపాల్లో పేరున్నవి బర్మింగ్‌హామ్ లూకాస్ కంపెనీ 'కింగ్ ఆఫ్ ది రోడ్'. ఆ పేరు మొదట 1879లో సైకిల్ దీపానికి పెట్టింది, తర్వాత కార్ల దీపాలకు వచ్చింది. ఇత్తడి రేకు సొట్టలు పోతే బాడీ షాపులో సుత్తితో కొట్టించొద్దు. ఇత్తడి రేకు పనికి పేరున్న పెంబర్తి మన హుస్నాబాద్‌కు దూరమేం కాదు. రేకును లోపలి నుంచి మెల్లగా తట్టి పైకి లేపడం వాళ్లకు తరతరాల విద్య. ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండుతో రుద్దితే ఇత్తడి మెరుస్తుంది గానీ, అతుకుల దగ్గర పులుపు మిగిలిపోతే పచ్చగా చిలుము పడుతుంది. నికెల్ పూత ఉంటే చింతపండు జోలికే పోవద్దు.

కరెంటు లైట్లలో ఖరీదైనవి

1920ల చివర్లో లూకాస్ తెచ్చిన పీ100 లైట్లు ఆ కాలపు ఖరీదైన బండ్లకు నగలాంటివి. గిన్నె అంత పెద్దగా, మధ్యలో మూడు కమ్మీలతో ఉంటాయి. రోల్స్ రాయిస్ ఫాంటమ్ 2, బెంట్లీ లాంటి వాటి మీద చూస్తాం. ఫ్రెంచ్ బండ్లకు మార్షాల్, జర్మన్ బండ్లకు బోష్, జైస్ ఉండేవి. ఫ్రాన్స్‌లో 1936 నుంచి 1993 దాకా పసుపు రంగు హెడ్‌లైట్లు తప్పనిసరి. కాబట్టి పాత సిట్రోయెన్‌కు పసుపు బల్బు ఉంటే ఎవరో ఫ్యాషన్‌కు పెట్టారనుకుని పీకేయొద్దు.

బ్రిటిష్ బండ్లలో ఇంకో విచిత్రం ఉంది. 1930ల లూకాస్ 'డిప్ అండ్ స్విచ్' పద్ధతిలో డిప్పర్ కొడితే రెండు లైట్లూ కిందికి దిగవు. కుడి లైటు పూర్తిగా ఆరిపోతుంది, ఎడమ లైటు లోపలి రిఫ్లెక్టర్ చిన్న కరెంటు అయస్కాంతం లాగడంతో కిందికి, ఎడమకు వంగుతుంది. ఆ రోజుల్లో ఇది గొప్ప ఉపాయం. ఇప్పుడు అదే రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడికి ఒక్క లైటే కనిపిస్తే, అదీ రోడ్డు అంచు దిక్కు ఉన్నది కనిపిస్తే, "బైకు వస్తుంది, పక్కనుంచి పోవచ్చు" అనుకుంటాడు. ఆరు అడుగుల వెడల్పు బండి కుడి సగం చీకట్లో ఉంటుంది. ర్యాలీ కోసం ఆ యంత్రం అట్లాగే ఉంచుకున్నా, రాత్రి రోడ్డెక్కే బండికి రెండు లైట్లకూ రెండు ఫిలమెంట్ల బల్బులు పెట్టించి, డిప్పర్‌లో రెండూ వెలిగేలా చేయించడమే మేలు. పాత సోలనాయిడ్ రిఫ్లెక్టర్‌ను పారేయకుండా గుడ్డలో చుట్టి దాచిపెట్టాలి.

గల్ఫ్ నుంచి పంపే లైట్లతో జాగ్రత్త

ఇది మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. దుబాయ్, దమ్మామ్, దోహాలో పాత కార్ల సామాను మంచిది దొరుకుతుంది. అక్కడున్న తమ్ముడో, బావో ఒక జత హెడ్‌లైట్లు కొని సామానులో వేసి పంపిస్తాడు. వాటి మెరుపు చూసి ఇక్కడ బిగించేస్తారు. కానీ అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి, మన దగ్గర ఎడమ పక్కన. డిప్పర్ వెలుగు ఎప్పుడూ సొంత రోడ్డు అంచు వైపు కొంచెం పైకి, ఎదురు వచ్చేవాడి వైపు కిందికి ఉండేలా అద్దం మీద గీతలు చెక్కుతారు. కుడి రోడ్డు దేశాల లైటు ఇక్కడ పెడితే అది తలకిందులవుతుంది. డిప్పర్ కొట్టినా వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలో పడుతుంది, ఎడమ అంచున నడిచే మనిషి మాత్రం కనబడడు.

గుర్తు పట్టడం కష్టం కాదు. యూరప్ ప్రమాణాల అద్దం మీద గుండ్రంలో 'ఈ' అక్షరం ఉంటుంది. దానితో పాటు చిన్న బాణం గుర్తు చూడాలి. బండి ముందు నిలబడి చూస్తే బాణం మన కుడి చేతి వైపు ఉంటే అది ఎడమ రోడ్డు దేశాలకు, అంటే మనకు పనికొస్తుంది. రెండు వైపులా బాణాలుంటే రెండు చోట్లా పనికొస్తుంది. బాణమే లేకపోతే అది కుడి రోడ్డు దేశాల లైటు. అమెరికా సీల్డ్ బీమ్‌లకు ఈ గుర్తు ఉండదు, అవి కుడి రోడ్డుకు చేసినవే. పంపే ముందు వాట్సాప్‌లో అద్దం ఫొటో తెప్పించుకుంటే డబ్బు మిగులుతుంది.

గిన్నెకు వెండి పూత

పాత హెడ్‌లైట్ సరిగా వెలగడం లేదంటే అందరూ పెద్ద బల్బు పెట్టమంటారు. నిజానికి తప్పు చాలాసార్లు రిఫ్లెక్టర్‌లో ఉంటుంది. అప్పటి మంచి రిఫ్లెక్టర్లు ఇత్తడి గిన్నెకు వెండి పూత వేసినవి. వెండి తన మీద పడిన వెలుగులో నూటికి 90 పాళ్లకు పైగా తిరిగి పంపిస్తుంది. క్రోమ్ చూడడానికి అద్దంలా ఉన్నా మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే "క్రోమ్ వేయిస్తే గట్టిగా ఉంటుంది" అనే సలహా రిఫ్లెక్టర్ విషయంలో తప్పు. వెండి తీగ పనికి జీఐ గుర్తింపున్న కరీంనగర్ జిల్లావాళ్లకు వెండి ఎట్లా నల్లబడుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. గాలిలో గంధకం తగిలితే చాలు. అట్లా నల్లబడిన గిన్నెను పాలిష్ పేస్ట్‌తో రుద్దితే పలుచని పూత లేచిపోయి ఇత్తడి బయటపడుతుంది, వెలుగు పచ్చగా మందగిస్తుంది. మెత్తని పత్తితో, శుభ్రమైన నీళ్లతో తుడిచి చూడాలి. పోకపోతే ఎలక్ట్రోప్లేటింగ్ చేసేవారి దగ్గర మళ్లీ వెండి పూత వేయించాలి. అద్దం చుట్టూ ఉండే కార్క్ లేదా రబ్బరు పట్టీ కొత్తది వేయడం మరిచిపోతే వానాకాలం లోపు మళ్లీ అదే పని.

ఆరు వోల్టులా, పన్నెండా

చాలా అమెరికా బండ్లు 1950ల మధ్య దాకా 6 వోల్టులతోనే నడిచాయి. వీటికి 12 వోల్టుల బల్బు పెడితే అగ్గిపుల్లలా వెలుగుతుంది. 12 వోల్టుల బండికి 6 వోల్టుల బల్బు పెడితే ఒక్క క్షణంలో మాడిపోతుంది. ఇది అందరికీ తెలుసు. తెలియనిది వైరు సంగతి. 36 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు లాగితే, 6 వోల్టుల మీద 6 ఆంపియర్లు లాగుతుంది. అంటే 6 వోల్టుల బండికి వైరు రెండింతలు లావుండాలి. పాత వైరు, తుప్పు పట్టిన ఎర్త్ వల్ల దారిలో ఒక్క వోల్టు పోయిందనుకోండి, 12 వోల్టుల బండిలో వెలుగు పాతిక వంతు తగ్గుతుంది, 6 వోల్టుల బండిలో దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి వోల్టేజీ మార్చి పాత డైనమో పీకేసే ముందు, ఎర్త్ పాయింట్లు గీకించి, లావు వైరు, రిలే పెట్టించి చూడాలి. చాలా బండ్లకు అంతటితో రోగం కుదురుతుంది.

పాత బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. దీన్నే పాజిటివ్ ఎర్త్ అంటారు. కొత్తగా పని నేర్చుకున్న ఆటో ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ మైనస్‌ను బాడీకి కలుపుతాడు. మామూలు బల్బుకూ, హారన్‌కూ ఏ తేడా పడదు. ఎల్ఈడీ బల్బు మాత్రం వెలగదు, ఒక్కోసారి కాలిపోతుంది. అసలు పాత రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెట్టడమే మంచి పని కాదు. ఆ గిన్నె వంపు అంతా ఫిలమెంట్ ఉండే ఒక్క చుక్కను లెక్కలో పెట్టుకుని చేసింది. వెలుగు ఆ చుక్క దగ్గర పుట్టకపోతే ఎంత తెల్లగా ఉన్నా రోడ్డు మీద కాకుండా చెట్ల మీద, ఎదుటివాడి మీద పడుతుంది. అంబాసిడర్, ఫియట్ వాళ్లయితే మంచి కంపెనీ 7 అంగుళాల గిన్నె, 60/55 వాట్ల హాలోజన్ బల్బు, రిలే, ఇంతకు మించి అక్కర్లేదు. 100/90 బల్బు పాత స్విచ్‌ను కరిగిస్తుంది.

భోంపూ నుంచి విండ్‌టోన్ దాకా

హారన్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. మొదటిది రబ్బరు బుడగ నొక్కితే "పోం" అనే ఇత్తడి భోంపూ. పాత బస్సులు, లారీల డ్రైవర్ కిటికీ పక్కన పెద్దవాళ్లు చూసిందే. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన కాలం అట్లాంటి హారన్ల కాలమే. ఆ బస్సుల నంబర్లలో ఉండే 'జెడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. భోంపూ లోపల ఉండేది హార్మోనియంలో ఉండేలాంటి చిన్న ఇత్తడి పలక. గాలి తగిలితే అది కొట్టుకుంటుంది, గొట్టం ఆ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. గొంతు బొంగురుపోతే చాలాసార్లు ఆ పలక కింద దుమ్మే కారణం. మన ఎండకు ముందు పోయేది రబ్బరు బుడగ, పగుళ్లు వచ్చి గాలి వదిలేస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు దానికి గుడ్డ కప్పితే ఎక్కువ రోజులు ఉంటుంది.

దీనిలోనే రాజుల రకం పాము హారన్. మడ్‌గార్డు పొడవునా ఇత్తడి గొట్టం మెలికలు తిరిగి, చివర నోరు తెరిచిన పాము తల. ఇంతకు మించిన పోకడ 1910లో కలకత్తాలో తిరిగిన హంస కారుది. అక్కడి ఒక ధనవంతుడు ఇంగ్లండ్‌లో బ్రూక్ కంపెనీ చేత చేయించుకున్న ఆ బండి ముందు భాగం హంస ఆకారం. ఇంజిన్ పొగ ఒత్తిడితో మోగే ఎనిమిది గొట్టాల హారన్, దానికి వాయించే మీటలు ఉండేవి. ఇప్పుడు అది నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉంది. ఆ హారన్ ఇవాళ మన రోడ్డు మీద మోగిస్తే చలానా ఖాయం, ఎందుకో కింద చూద్దాం.

1908లో అమెరికాలో క్లాక్సన్ వచ్చింది. లోపల పళ్ల చక్రం తిరుగుతూ రేకు మధ్యలోని మొలను గీకుతుంది, దాంతో "అహూగా" అనే అరుపు వస్తుంది. చేత్తో నొక్కేవీ ఉన్నాయి, మోటారువీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఏ హారన్‌నైనా క్లాక్సనే అంటారు. 1910లు, 20ల బండికి ఇది సరైన జోడి. మోటారు రకానికి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, చుక్క నూనె వేయాలి. గొంతు సన్నబడితే వెనక మర కొంచెం తిప్పి మొలకూ చక్రానికీ మధ్య సందు సరిచేయాలి. ఎక్కువ బిగిస్తే మోటారు ఆగిపోయి కాలుతుంది.

1930ల తర్వాత ఖరీదైన బండ్లకు విండ్‌టోన్ జతలు వచ్చాయి. ఒకటి మందర స్వరం, ఒకటి తార స్వరం, నత్తగుల్లలా చుట్టిన గొట్టం. రెండూ ఒకేసారి మోగితే చెవికి ఇంపుగా ఉంటుంది. మన దగ్గర రూట్స్ కంపెనీ విండ్‌టోన్‌లు వాడేవాళ్లు ఎక్కువ. అంబాసిడర్‌కూ, 1950ల బండ్లకూ ఇవి సరిపోతాయి. జత హారన్లు గట్టిగా కరెంటు లాగుతాయి కాబట్టి స్టీరింగ్ మధ్యలోని పాత బటన్ ద్వారా నేరుగా కలపకుండా రిలే పెట్టాలి. లేకపోతే బటన్ అంటుకుపోయి అర్ధరాత్రి వీధంతా లేస్తుంది.

హారన్ మీద చట్టం

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 119 ప్రకారం ఒకదాని వెనక ఒకటి వేర్వేరు స్వరాలు పలికే హారన్, విపరీతంగా కీచుగా, భయపెట్టేలా మోగే హారన్ ఏ మామూలు బండికీ ఉండకూడదు. అంబులెన్స్, ఫైర్, పోలీసు లాంటివాటికే మినహాయింపు. అంటే రెండు స్వరాలు కలిసి మోగే విండ్‌టోన్ జత పర్వాలేదు, పాట పాడే హారన్ తప్పు, ఎయిర్ ప్రెషర్ హారన్ తప్పు. అనవసరంగా, ఆపకుండా హారన్ కొట్టినా, నిషేధ బోర్డు ఉన్నచోట కొట్టినా చట్టంలోని 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1,000, తర్వాత 2,000 రూపాయల జరిమానా. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇళ్ల మధ్య ప్రజా అత్యవసర పరిస్థితిలో తప్ప హారన్ కొట్టరాదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆస్పత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. మన బరాత్‌లు కదిలేదే పదింటి తర్వాత కాబట్టి ఇది పుస్తకాల్లో మాట అనుకోవద్దు. క్లాక్సన్ ఉన్నవాళ్లు రోడ్డు కోసం మామూలు హారన్ ఒకటి లోపల దాచి పెట్టుకుని, పాతది ప్రదర్శనలోనే మోగించడం చాలాచోట్ల అలవాటు.

కొనేటప్పుడు

హైదరాబాద్ రాణిగంజ్ ఆటో సామాను దుకాణాల్లో అంబాసిడర్, ఫియట్ వాటికి ఇబ్బంది లేదు. పాతవి కావాలంటే జుమేరాత్ బజార్, చెన్నై పుదుపేట, ముంబై చోర్ బజార్ తిరగాలి. "అంగ్రేజుల కాలంది" అని చూపించే ఇత్తడి భోంపూల్లో చాలావరకు ఈ మధ్య పోత పోసి, మసి పూసి పాతవిగా చేసినవే. గోడ మీద అలంకారానికి అవి బాగానే ఉంటాయి, పాత ధర మాత్రం పెట్టొద్దు. పట్టుకునే గుర్తు మరల్లో ఉంటుంది. పాత బ్రిటిష్ సామానుకు విట్‌వర్త్, బీఏ చుట్లు ఉంటాయి, మన 6 మిల్లీమీటర్ల, 8 మిల్లీమీటర్ల బోల్టు వాటిలోకి సాఫీగా దిగదు. కొత్తగా చేసినదాంట్లో దిగిపోతుంది. రెండోది, నిజమైన వాడకంలో అరుగుదల చేయి తగిలే చోట, బిగింపు దగ్గర ఉంటుంది. నకిలీ దాంట్లో అంతటా ఒకే రకం నలుపు. హెడ్‌లైట్ అయితే జతలో రెండింటి అద్దాల గీతలూ ఒకేలా ఉన్నాయా చూడాలి, ఎక్కువ మోసాలు ఒకటి అసలు, ఒకటి జోడించిన జతల్లోనే.

బిగించాక ఒక సాయంత్రం పని మిగిలి ఉంటుంది. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలపాలి. హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించాలి. డిప్పర్ వేస్తే వెలుగు పైఅంచు ఆ టేపుకు 10 సెంటీమీటర్లు కిందే ఉండాలి. ఒకప్పుడు లారీల హెడ్‌లైట్ పైసగం నల్ల రంగు పూసింది కూడా ఈ వెలుగు పైకి లేవకుండా ఉండడానికే. ఈ కొలత వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి తీసుకోవాలి. పాత బండ్ల పట్టీ స్ప్రింగులు మెత్తగా ఉంటాయి, వెనక బరువు పడితే ముందు ముక్కు పైకి లేస్తుంది. ఖాళీ బండితో సరిచేసిన లైటు, దుల్హా ఇద్దరు దోస్తులతో ఎక్కగానే నేరుగా ఎదుటి లారీ డ్రైవర్ కళ్లలో కొడుతుంది.